నిలబడ్డా తినే పడవ

మూడింటికి ఫోను మోగుతుంది. మోగగానే ఆశమ్మ ఒక్క మాట చెప్పాలి, రా అని గాని, ఆగు అని గాని. ఆ ఒక్క మాట కోసం వారం రోజులుగా మనసును తిరగలిలా తిప్పింది, పిండి మాత్రం రాలలేదు. గోదాం గోడ మీది గడియారం రెండు చూపిస్తోంది, అది పది నిమిషాలు ముందు నడుస్తుంది కనుక మూడింటికి గంట మీద ఇంకో పది నిమిషాలు మిగిలినట్టే అని లెక్క వేసుకుంది, ఈ పది నిమిషాలు మాత్రం ఎవరిచ్చారు, గోదాం యజమాని గంగాదాస్ పటేలు గడియారమే కదా, పొద్దున కూలివాళ్ళను ముందే రప్పించడానికి పెట్టుకున్న గడియారం, సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఆయన తన చేతి గడియారం చూసుకుంటాడు, లోకంలో కలిగినవాళ్ళకు ఎప్పుడూ రెండు గడియారాలు. రవికలో ఫోను, ఒళ్ళో జల్లెడ, చుట్టూ పసుపు. పొడుగు కొమ్ములు ఒక వైపు, గుండ్రటి దుంపలు ఒక వైపు, విరిగిన ముక్కలు జల్లెడలో. చేతులకు తలతో పనిలేదు, పద్నాలుగేళ్ళుగా ఆర్మూరు గోదాముల్లో చేస్తున్న పని అది, వాటంతట అవే పోతుంటాయి. తల దుబాయిలో ఉంది. జాన్ దగ్గర అనుకుంటే పొరపాటు, జాన్ కాపలా కాస్తున్న పడవ దగ్గర. నిజం చెప్పుకోవాలంటే ఏడాదిన్నరగా ఆమె మొగుడి గురించి కంటే ఆ పడవ గురించే ఎక్కువ ఆలోచించింది. మొగుడు తెలిసినవాడే. పడవే తెలియదు.

ఆమె సముద్రం చూడలేదు. ఆర్మూరులో సముద్రం చూసినవాళ్ళలో చాలామంది విమానం కిటికీలోంచి చూసినవాళ్ళే. ఆమెకు తెలిసిన పెద్ద నీళ్ళు పోచంపాడు డ్యాము నీళ్ళు, గేట్లెత్తిన ఏడాది చర్చి వాళ్ళతో లారీలో కూర్చొని పోయి చూసింది, ఆ నీళ్ళ మీద జాన్ చెప్పిన పడవను పెట్టుకుని చూసేది. మూడంతస్తులు, నాలుగు పడకగదులు, గదికొక స్నానాల గది, అందులో నేలంతా పాలరాయి, కూర్చునే సోఫాలన్నీ తెల్ల తోలువి. "గంత తెల్లగ పెట్టుకుంటె మసి గాదా?" అని ఆమె అడిగితే "మసి గావద్దనే గదనే నన్ను పెట్టుకున్నది" అన్నాడు జాన్, ఆ రోజుల్లో నవ్వేవాడు. జీతం నెలకు పదకొండు వందల దిర్హాములు. రోజూ పొద్దున్నే ఉప్పు పట్టకుండా పడవనంతా మంచినీళ్ళతో కడగాలి, మనుషులకు తాగడానికి కొనుక్కునే నీళ్ళు. అడుగున గవ్వలు అంటుకుంటాయి, ఆరు నెలలకోసారి క్రేనుతో పైకెత్తి గీకి, రంగు వేసి, మళ్ళీ దింపాలి. ఎక్కడికీ పోకపోయినా ఇంజన్లు వారానికోసారి నడపాలి, లేకపోతే పట్టేస్తాయి. ఎవరూ కూర్చోని సోఫాలకు బూజు పట్టకుండా పగలూ రాత్రీ ఏసీ తిరగాలి. నీళ్ళలో నిలబడినందుకు అడుగుల లెక్కన కిరాయి. నీళ్ళకు కిరాయేమిటి అని ఆమె ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వింది. ఆ కిరాయి ఏటా పెరిగింది, డీజిలు పెరిగింది, బీమా పెరిగింది, పెరగనిది జాన్ జీతం ఒక్కటే, ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడతాడని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పెద్దలే ఏనుగు బతికినా వెయ్యి చచ్చినా వెయ్యి అని కూడా అన్నారు, వాళ్ళు పడవను చూడలేదు కనుక సరిపోయింది.

అరవై లక్షల దిర్హాములు పెట్టి కొన్నాడట ఆ పడవను, జాన్ యజమాని. వాణ్ణి జాన్ కఫిల్ అంటాడు, గల్ఫుకు పోయిన వాళ్ళందరికీ అక్కడ ఒక కఫిల్ ఉంటాడు, పాసుపోర్టు వాడి బీరువాలో ఉంటుంది. అరవై లక్షల దిర్హాములంటే మన రూపాయల్లో ఎంతో ఆశమ్మ మొదట్లో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, వేళ్ళు చాలక, పక్కన కూర్చున్న గంగవ్వ వేళ్ళు కూడా అడిగింది. గంగవ్వ నోరున్న మనిషి, అప్పటినుంచి గోదాంలో ఆడవాళ్ళంతా ఆశమ్మను పడవామె అనడం మొదలుపెట్టారు. ప్రతి శనివారం పనిలోకి రాగానే అడిగేవాళ్ళు, "ఏమే పడవామె, ఇయ్యాల పడవ ఎంతున్నది?" అని, మార్కెట్లో పసుపు ఎంతుందని అడిగినట్టే. ఆమె కూడా అంతే దర్జాగా చెప్పేది. నలభై. ముప్ఫైరెండు. ఇరవై అయిదుకు అడిగిండ్రట, ఇయ్యలేదట. నిజామాబాదు జిల్లాలో పాత పడవల ధర వారం వారం తెలిసిన ఆడది తానొక్కతే అని ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది, ఆ గర్వానికి ఇప్పుడు సిగ్గుపడుతోంది, సిగ్గుపడుతూనే ఇవాళ్టి ధర తొమ్మిది అని గుర్తు చేసుకుంది. తొమ్మిది లక్షలకు కూడా అడిగేవాడు లేడు. ఏడాదికి ఆరు లక్షలు తింటుంది. ఇంకో ఏడాదిన్నర నిలబడితే అది తన ధరను తానే తిని త్రేనుస్తుంది.

ఆగమన్నది ఆమే. అక్కడికి వచ్చేసరికి చేతులు కూడా ఆగిపోయాయి, గంగవ్వ ఓరకంట చూసింది, ఆశమ్మ మళ్ళీ కొమ్ములు ఏరసాగింది. రెండువేల ఎనిమిది క్రిస్‌మస్‌కు నాలుగు రోజుల ముందు. దుబాయిలో ఇళ్ళ ధరలు కూలాయి, కఫిల్ చేతిలో డబ్బాడటం లేదు, పడవ మీద నలుగురు పనివాళ్ళుంటే ముగ్గురికి సగం జీతం చేతిలో పెట్టి, పాసుపోర్టులిచ్చి పంపేశాడు. జాన్‌ను మాత్రం పక్కకు పిలిచాడు. నువ్వూ సగం తీసుకుని పోతావా, లేక పడవ అమ్ముడయ్యేదాకా ఒక్కడివే కనిపెట్టుకుని ఉంటావా, ఉంటే జీతమంతా ఒక్కసారే ఇస్తాను, పైన పది వేల దిర్హాములు ఇనాము. జాన్ ఫోను చేసి అడిగాడు. పెళ్ళయినప్పటినుంచి అంతే, వాడు అడుగుతాడు, ఈమె చెబుతుంది. "నువ్వు మార్కెట్ల పనిచేస్తవు, బేరం నీకెర్క" అన్నాడు. నీకెర్క అని మొగుడి చేత అనిపించుకున్న ఆడదానికి తెలియదని చెప్పడం ఎంత కష్టమో దేవుడికే తెలియాలి. ఆ రోజు కూడా ఇదే గోదాంలో ఇక్కడే కూర్చుని ఉంది, ఎదురుగా నేల నుంచి రేకుల దాకా గంగాదాస్ పటేలు పసుపు బస్తాలు, ఏడాది నుంచి అమ్మకుండా దాచిపెట్టినవి. రెండువేల రూపాయలకు క్వింటాలు అడిగితే ఇవ్వలేదాయన, మూడు వేలకూ ఇవ్వలేదు, భార్య యమునమ్మ నెత్తి నోరు కొట్టుకుంది, వేల్పూరు నుంచి బావమరిది వచ్చి తిట్టిపోయాడు, ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఒకటే మాట, "పడ్డప్పుడు అమ్మెటోడు రైతు గాదు. ఆగాలె." ఆ మాట ఆశమ్మకు బైబిలు వాక్యంలా నచ్చింది. ఆదివారం పాస్టరు చెప్పే వాక్యాల్లో ఏదీ అంతగా నచ్చలేదు. జాన్‌కు అదే చెప్పింది. పడ్డప్పుడు పోవద్దు. పసుపు లెక్క ఆగు. జాన్ మాత్రం "పసుపు మూలకు పడుంటె తినది గదా ఆశా. గీ పడవ నిలబడ్డా తింటది" అన్నాడు. తింటే వాడి సొమ్ము తింటుంది, మనకేంది అంది ఆశమ్మ. వాడి సొమ్మంటే అందులో జాన్ జీతం కూడా ఉందని ఆ క్షణాన తోచలేదు. తోచలేదా? తోచిందేమో, పది వేల దిర్హాముల కింద నలిగిపోయి ఉంటుంది.

పసుపు తినదన్నది కూడా పచ్చి అబద్ధమని ఆమెకు తెలుసు, ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది. ఈ రెండున్నర ఏళ్ళలో అడుగు వరస బస్తాలకు పురుగు పట్టింది, పైకి నిగనిగలాడుతుంది, విరిస్తే లోపల పిండి. ఆ కొమ్ములను మొదటి ఏడాది నుంచీ గంగవ్వా తనూ పసుపు పొడి నీళ్ళలో కలిపి, రుద్ది, బెజ్జాలు పూడ్చి, ఎండబెట్టి మంచివాటిలో కలిపారు. బయట చెబితే కూలి ఉండదన్నాడు పటేలు. చెప్పలేదు. తన చేతులతో తాను పూడ్చిన బెజ్జాలను తానే మరిచిపోయి ఆగితే పెరుగుతుందని నమ్మింది మనిషి. ఆగడం ఎవరికి చెల్లుతుందో అప్పుడు ఆలోచించలేదు. పటేలుకు పసుపు కాక మక్కలున్నాయి, వడ్లున్నాయి, రెండు బోర్లున్నాయి, తొందరపడాల్సిన కడుపు కాదు. జాన్‌కు ఏముంది? ఇద్దరు మనుషులు, పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదు, పెర్కిట్ పక్కన రేకుల గది ఒకటి. ఆశ లావు పీక సన్నం. ఆమె ఆశ మరీ లావైనది కూడా కాదు, తలుచుకుంటే నవ్వొస్తుంది, జీతం, ఇనాము కలిపి మూడు లక్షల నలభై వేల రూపాయలు వస్తే ఇల్లు కాదు నగ కాదు, ఇరవై బస్తాల పసుపు కొని ఒక మూల దాచుకోవాలనుకుంది. ధర పడిపోయినప్పుడు తాను కూడా తువ్వాలు లాంటిదేదో భుజాన వేసుకుని, ఇయ్యను పో, ఆగుతా అనాలనుకుంది. జీవితంలో ఒక్కసారి ఆగే మనిషి కావాలనుకుంది.

జాన్ ఆగాడు. మొదటి ఎండాకాలం కఫిల్ నెలకు రెండు వందల దిర్హాములు తిండికి పంపేవాడు, తర్వాత బియ్యం సంచి పంపాడు, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. చుట్టూ రేవు నిండా అమ్మకానికి అన్న బోర్డులు కట్టుకున్న పడవలే, బోర్డుల మీది అంకెలు ఎండకు వెలిసిపోయాయి, అడిగేవాడు ఒకడైతే అమ్మేవాళ్ళు వందమంది, అడిగేవాడు వచ్చినా పడవ ఎక్కి సోఫా మీద కూర్చుని, చల్లటి నీళ్ళు తాగి, ఫొటో దిగి వెళ్ళేవాడు. వాళ్ళు దిగగానే జాన్ సోఫా తుడిచేవాడు. పక్క పడవలో వంటవాడు ఒక కేరళ మనిషి ఉండేవాడు, అన్నం పెట్టేవాడు, ఆ పడవనూ ఎవరో తాళ్ళు కట్టి లాక్కుపోయారు, వంటవాడు కూడా పోయాడు. ఒకరోజు జాన్ ఫోనులో గొంతు తగ్గించి, దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాడు, కఫిల్ పడుకునే పెద్ద మంచం మీద నిన్న ఒక్క పూట పడుకున్నానని. ఎట్లున్నది అని అడిగింది. "మెత్తగుంది. నిద్ర వట్టలే" అన్నాడు. ఆ మాటకు ఆమె ఇద్దరు పిల్లలు పోయినప్పుడు కూడా రానంత ఏడుపు ఏడ్చింది, ఫోను పెట్టేశాక, జల్లెడ ముందు పెట్టుకుని, పసుపు కళ్ళలో పడిందని గంగవ్వకు చెప్పి. దగ్గు ఎప్పుడు మొదలైందో తెలియదు. పడవ పగుళ్ళకు పూసే మందు ఒకటుందట, అది ఎండాక రాపిడి పెట్టాలి, గాజు పొడి లాంటి దుమ్ము లేస్తుంది, మూతికి కట్టుకోవడానికి గుడ్డ ఇచ్చేవాడు లేడు. పోయిన శుక్రవారం ఫోనులో మాటలకంటే దగ్గే ఎక్కువ. ఆ దగ్గు మధ్యలోనే చెప్పాడు, ఆరు నెలల తర్వాత కఫిల్ కనబడ్డాడని, ఒక కాగితం తెచ్చాడని. సంతకం పెడితే పాసుపోర్టూ విమానం టిక్కెట్టూ ఇస్తాడట, పదిహేడు నెలల జీతం మాట ఎత్తకూడదట, ఇనాము మాట అసలే లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. "ఏం జెయ్యాల్నో వచ్చే శుక్రారం చెప్పు. మూడింటికి చేస్త" అన్నాడు. ఆ శుక్రవారమే ఇది.

రెండున్నర. మే నెల ఎండకు సిద్ధుల గుట్ట నల్ల బండలు కాగి ఆ సెగ గోదాం రేకుల దాకా వస్తోంది. రా అని చెప్పాలి. అంతే, ఇంకేముంది, రా అని చెప్పాలి. చెప్పేదాకా అంతా సులువుగానే ఉంది. జాన్ వస్తాడు, బస్టాండులో దిగుతాడు, సన్నబడి ఉంటాడు. పెళ్ళి నాటి జాన్ బస్తా వీపున వేసుకుని పరుగెత్తేవాడు, ఇందల్వాయిలో లారీ దింపడానికి పోతే మిగతా హమాలీలు వాణ్ణి చూసి కూలి పెంచమని అడిగేవాళ్ళు కాదు, వీడొక్కడే దింపేస్తాడేమోనని భయం. పెళ్ళయిన మూడో రోజు ఆమెను వీపున ఎక్కించుకుని ఇంటి చుట్టూ తిరిగాడు, ఒక బస్తా తక్కువే ఉన్నవ్ అని. పనిలో కూర్చుని ఇలాంటివి గుర్తు రాకూడదు, మొహం ఎర్రబడితే గంగవ్వ కనిపెడుతుంది. రా అను. మందులు వాడుదాం, డిచ్‌పల్లి దవాఖానలో చూపిద్దాం, ఉన్నదేదో తిందాం. సంతకం పెట్టి రా. డబ్బు పోతే పోయింది, అది ఎప్పుడూ మన చేతిలో లేదు, లేని డబ్బు పోవడమేమిటి. ఆమెకు గుండె తేలికైంది. ఏడాదిన్నరలో మొదటిసారి పడవ రంగు ఏమిటో ఒక్క క్షణం గుర్తుకు రాలేదు.

అప్పుడే గోదాం ముందు జీపు ఆగింది, సాంగ్లీ సేటు దిగాడు. ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకున్నారు. సాంగ్లీ నుంచి వచ్చే పసుపు వ్యాపారులు ధర నోటితో చెప్పరు. పక్క గోదాం వాడు వింటాడని, సాటి రైతు వింటాడని, చేతుల మీద తువ్వాలు కప్పి దాని కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు, పట్టిన ఒక్కో వేలు ఒక్కో వెయ్యి. పైకి మాత్రం వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటుంటారు. సేటు కొమ్మొకటి తీసి వాసన చూశాడు, అదృష్టం, విరవలేదు. గంగాదాస్ తన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఆశమ్మ చేతులు ఏరుతున్నాయి, కళ్ళు మాత్రం పటేలు మోచేతి మీద ఉన్నాయి. పద్నాలుగేళ్ళు కింద కూర్చుని చూసిన కళ్ళు. అయిదు వేళ్ళు ఒక్కసారే పడితే మోచేయి మొత్తం తిరుగుతుంది, ఒక్కో వేలు పడితే అదురుతుంది. మోచేయి తిరిగింది. అయిదు. ఇంకోసారి తిరిగింది. పది. అక్కడ ఆగిపోతుందనుకుంది, ఆగలేదు, అదిరింది, అదిరింది, పటేలు పైకి సిరికొండలో వానలు ఆలస్యమని చెబుతున్నాడు, ఇంకోసారి అదిరింది. పదమూడు. సేటు చేయి లాక్కోబోయాడు, రేపు నాందేడ్ పోతున్నా, ఇక ఇటు రాను అన్నట్టు మొహం పెట్టాడు. పటేలు వదల్లేదు, తొందరపడలేదు, తువ్వాలు కింద సేటు వేలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మళ్ళీ అదిరింది. పద్నాలుగు వేలు. రెండు వేలకు అడిగిన పసుపు, బెజ్జాలు పూడ్చిన పసుపు, పద్నాలుగు వేలు. గంగాదాస్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు, ఏమీ జరగనట్టు. ఏమీ జరగనట్టు ఉండగలగడమే డబ్బంటే.

రా అన్న మాట ఆశమ్మ నాలుక మీంచి జారింది. చూశావా, ఆగినవాడికి వచ్చింది. నమ్మకంతో వచ్చిందా, మోసంతో వచ్చిందా, వచ్చింది. సేటు ఇక రానన్నట్టు చేయి లాగాడు, మళ్ళీ తానే రేటు పెంచాడు, తొందరపడేది ఎప్పుడూ అవసరం ఉన్నవాడే. మరి కఫిల్‌కు ఏం తొందర? ఆరు నెలలు మొహం చూపించనివాడు ఇప్పుడే కాగితం పట్టుకుని ఎందుకు వచ్చినట్టు? జాన్ జీతం మాట ఎత్తకుండా సంతకం ఎందుకు కావలసి వచ్చినట్టు? కొనేవాడు దొరికి ఉంటాడు. పడవ అమ్మేముందు పడవ మీది బాకీ మనిషిని వదిలించుకుంటున్నాడు. అంతే, అంతే, ఇంకేమీ కాదు, ఈ పద్నాలుగేళ్ళలో ఎన్ని బేరాలు చూసింది, బేరం కుదిరే ముందు దినం ఇలాగే ఉంటుంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే మూడు లక్షల నలభై వేలు. దగ్గు నాలుగు రోజులు ఎక్కువ ఉంటే మనిషి చచ్చిపోతాడా, పదిహేడు నెలలు ఉన్నవాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకు అసహ్యం వేసింది. అసహ్యం వేసినా లెక్క తప్పుగా కనబడలేదు. గడియారం మూడు దాటి పది నిమిషాలు చూపిస్తుండగా ఫోను మోగింది.

ఆమె జల్లెడ దించి, బస్తాల వెనక్కి పోయింది.

"ఆశా, ఇంటున్నవా?"

"ఇంటున్న. ఇగో చూడు, సంతకం వెట్టకు. గా కఫిల్‌కు కొనెటోడు దొరికిండు, గందుకే తొందర వడ్తున్నడు. నాకెర్క గీ బేరాలు. జర ఆగు. నాల్గు దినాలు."

అవతల దగ్గు వినబడింది. మూడంతస్తుల పడవలో ఏసీ ఎప్పుడూ గుయ్యిమని మోగుతుండేది జాన్ మాటల వెనక, ఇవాళ అది లేదు.

"వెట్టిన" అన్నాడు జాన్. "పొద్దుగాలనే వెట్టిన. పాసుపోర్టు జేబుల ఉన్నది. ఆదివారం విమానం."

"నన్ను అడగకుంట?"

"అడిగితె ఆగుమంటవని ఎర్కనే. గందుకే ముందుగాలనే వెట్టిన."

"పదిహేడు నెలలు ఆగి, నాల్గు దినాలు ఆగకపోతివా! కొనెటోడు వస్తుంటె—"

"కొనెటోడు ఎవ్వడూ లేడే. రేవోళ్ళు కిరాయి కింద పడవను గుంజుకున్నరు. పొద్దుగాల కరెంటు కట్ జేసిండ్రు. తుక్కు లెక్క అమ్ముతరట. కఫిల్ గూడ దేశమిడిచి పోతున్నడు, జీతం బాకీ కేసు ఉంటె వాన్ని పోనియ్యరు, గందుకే సంతకం. పోయేముందు వీసా దాటిందని నా మీద కేసు లేకుంట చూస్కున్నడు, గంతే. వానికి గా కొంచెం మంచితనమన్న ఉన్నది." మళ్ళీ దగ్గు, చాలాసేపు. "ఆశా. నేను రావాల్నా వద్దా? వద్దంటె గిక్కడనే ఇంకేదన్న చూస్కుంట. నిజం చెప్పు. తిట్టినా మంచిదే."

రా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క అక్షరం. ఆమె నోరు తెరిచింది, తెరిచిన నోట్లోకి మాటకంటే ముందు లెక్క వచ్చింది, పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంది. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, ఊపిరితిత్తుల్లో గాజు దుమ్ము, బస్తా మోయలేడు, లారీ దింపలేడు, డిచ్‌పల్లికి వారానికోసారి బస్సు చార్జీలు ఇద్దరికి, మందులు ఎంతో, పాలు, గుడ్లు, ఎండాకాలం ఫ్యాను పగలంతా తిరగాలి, కూర్చున్నా తింటాడు, పడుకున్నా తింటాడు, తన కూలి రోజుకు వంద, మరి రాబడి, పటేలును బతిమాలితే గోదాం కాపలా ఇస్తాడేమో, నెలకు పద్దెనిమిది వందలు, అదీ దగ్గు సేటుకు వినబడకపోతే, ఏడాది గడిస్తే ఆ కాపలాకు కూడా పనికొస్తాడో లేదో, రోజురోజుకూ విలువ తగ్గే మనిషి, రోజురోజుకూ ఖర్చు పెరిగే మనిషి, ఆ లెక్క ఎక్కడ నేర్చుకుందో ఆమెకు తెలుసు, ఏడాదిన్నరగా వారం వారం ఆ మనిషే నేర్పాడు, తెల్ల సోఫాలు తుడుస్తూ ఫోనులో నేర్పాడు. అంతా కలిపి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. జాన్‌కు తెలిసింది. అవతల వాడు ఊపిరి బిగబట్టుకుని దగ్గును ఆపుకుంటున్నాడు, ఆమె ఆలోచనకు అడ్డం రాకూడదని.

"లెక్కయిందా ఆశా?" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. బేరం నీకెర్క అన్న గొంతే.

"అయింది" అంది ఆశమ్మ. "రా."